అమ్మ ఇచ్చిన కాపలా

బిడ్డ పుట్టగానే బి.సి.జి. టీకా, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి టీకా వేస్తారు. తట్టు టీకాను మాత్రం తొమ్మిది నెలలు నిండిన తరువాతనే వేస్తారు. నిజానికి తట్టు పసిపిల్లలకే ఎక్కువ ప్రమాదకరమైన అంటువ్యాధి. దానివల్ల న్యుమోనియా, విరేచనాలు, మెదడు వాపు కలుగవచ్చు. కంటిచూపు కూడా పోవచ్చు. మరి అన్ని నెలలు ఎందుకు ఆగాలి?

శరీరంలోకి సూక్ష్మజీవి ప్రవేశించినప్పుడు బి-కణాలు దానిని గుర్తుపడతాయి. అవి వృద్ధి చెంది ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. ప్రతిరక్షకాలు ఒక రకమైన ప్రొటీన్లు. ఇవి సూక్ష్మజీవికి అంటుకొని దాని శక్తిని ఉడిగిస్తాయి. కొన్ని బి-కణాలు జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. వ్యాధి రాకుండానే శరీరానికి ఈ పాఠం నేర్పడమే టీకా చేసే పని. తట్టు టీకాలో ఉండేది బలహీనపరచిన వైరస్. అది శరీరంలో కొంత వృద్ధి చెందితేనే పాఠం బాగా వంటబడుతుంది.

తల్లికి లోగడ తట్టు వచ్చి ఉన్నా, టీకా పడి ఉన్నా ఆమె రక్తంలో ప్రతిరక్షకాలు ఉంటాయి. అవి మాయ ద్వారా గర్భంలోని బిడ్డకు చేరతాయి. పుట్టిన తరువాత కొన్ని నెలల పాటు బిడ్డకు అవే కాపలా. కాని అవి బిడ్డ తయారుచేసుకున్నవి కావు. సుమారు మూడు వారాలకు ఒకసారి సగానికి సగం తగ్గిపోతూ ఉంటాయి.

అవి ఎక్కువగా ఉన్నప్పుడే తట్టు టీకా వేస్తే కాపలా కాసేవే అడ్డు తగులుతాయి. టీకాలోని వైరస్‌ను శత్రువుగా భావించి దానిని పట్టుకుంటాయి. వైరస్ వృద్ధి చెందదు. బి-కణాలు గుర్తుపట్టవలసిన భాగాలు మూసుకుపోతాయి. అంతేకాక, ప్రతిరక్షకం అంటుకొని ఉన్న వైరస్ బి-కణాన్ని తాకినప్పుడు ఆ కణానికి "ఇక చాలు" అనే సంకేతం అందుతుంది. టి-కణాలు కొంత నేర్చుకున్నా, బిడ్డ సొంత ప్రతిరక్షకాలు తగినన్ని తయారుకావు.

ప్రతిరక్షకాల ఈ గుణం పాతకాలం నుండి తెలిసినదే. అమెరికా శాస్త్రజ్ఞుడు థియోబాల్డ్ స్మిత్ 1909లో గినీ పందులకు డిఫ్తీరియా విషాన్ని, దాని విరుగుడును కలిపి ఇచ్చి పరిశీలించాడు. విరుగుడు మరీ ఎక్కువైనప్పుడు వాటికి సొంత నిరోధక శక్తి సరిగా కలుగలేదు.

అందుచేత టీకా వేళను తూచి నిర్ణయించారు. మరీ తొందరపడితే టీకా పనిచేయదు. మరీ ఆలస్యమైతే బిడ్డ తట్టుకు చిక్కుతుంది. తొమ్మిది నెలలకు వేస్తే నూటికి సుమారు 85 మంది పిల్లలకు, పన్నెండు నెలలకు వేస్తే సుమారు 95 మందికి రక్షణ కలుగుతుంది. అయినా తట్టు భయం ఎక్కువగా ఉన్న మన దేశంలో తొమ్మిది నెలలకే మొదటి మోతాదు వేస్తారు. మిగిలిపోయిన పిల్లల కోసం 16 నుండి 24 నెలల మధ్య రెండవ మోతాదు ఉంది. తట్టు ప్రబలిన చోట ఆరు నెలలకే ఒక మోతాదు వేయవచ్చు. కాని దానిని లెక్కలోకి తీసుకోరు; తరువాతి రెండు మోతాదులూ వేయవలసిందే.

2017 ఫిబ్రవరిలో తట్టు-రుబెల్లా టీకా ఉద్యమం కర్ణాటక, తమిళనాడు, గోవా, లక్షద్వీప్‌లలోను, యానాం భాగమైన పుదుచ్చేరిలోను మొదలయింది. తొమ్మిది నెలలు మొదలు పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ, లోగడ టీకా పడిందా లేదా అని చూడకుండా వేశారు. ప్రతిరక్షకాలు ఉన్నవారికి అదనపు మోతాదు వల్ల హాని లేదు. లేనివారికి కొత్తగా రక్షణ కలిగింది.

తల్లి ఇచ్చిన ప్రతిరక్షకాలు తరిగిపోయి, టీకా వేళ ఇంకా రాని నెలలే బిడ్డకు గడ్డుకాలం. ఆ నెలల్లో బిడ్డకు కంచె చుట్టూ ఉన్నవారే. ఇంట్లో అన్నకు, అక్కకు, పొరుగు పిల్లలకు రెండు మోతాదులూ పడితే తట్టు ఆ ఇంటి గడప తొక్కడం కష్టం.

ప్రశ్నలు

1. తల్లి ప్రతిరక్షకాలు బిడ్డకు ఎలా చేరతాయి?
2. "కాపలా కాసేవే అడ్డు తగులుతాయి" – ఈ మాటను వివరించండి.
3. రెండవ మోతాదు ఎందుకు అవసరం?
4. సొంత వాక్యాలలో ప్రయోగించండి: ఏళ్ల తరబడి, వంటబడు, గడప తొక్కు.