క్రైస్తవ ప్రతిమాలక్షణం, పునీతుల చరిత్రలు: గుంటూరు, ప్రకాశం మండలాల్లో అధ్యయనాధారాలు

ప్రతిమను గుర్తించడానికి లక్షణజ్ఞానం అవసరమన్నది ప్రాచ్య కళాశాలల అధ్యాపకులకు కొత్త విషయం కాదు. శంఖచక్రాలను బట్టి విష్ణువును, త్రిశూలాన్ని బట్టి శివుణ్ణి గుర్తించే పద్ధతిని శిల్పశాస్త్రాలు, ధ్యానశ్లోకాలు మనకు నేర్పాయి. గుంటూరు, ప్రకాశం మండలాల పత్తి, మిరప పొలాల నడుమ వెలసిన కతోలిక దేవాలయాల ప్రతిమలను కూడ ఇట్టి శాస్త్రదృష్టితోనే పరిశీలించవలసి ఉన్నది. అందుకు ఏ ఆధారాలను ఏ క్రమంలో ఆశ్రయించాలో సూచించడమే ఈ వ్యాస లక్ష్యం.

ముందుగా ఒక భేదాన్ని గమనించాలి. దేవతాప్రతిమల ఆయుధవాహనాదులు ప్రధానంగా శాస్త్రవిహితాలు. పునీతుల ప్రతిమల్లోని చిహ్నమైతే సాధారణంగా జీవితకథలోని ఒక ఘట్టం నుండి పుడుతుంది. పునీత లారెన్సు చేతిలోని ఇనుప చువ్వల చట్రం ఆయన హింస పొందిన సాధనమని సంప్రదాయం. దీనికి దగ్గరి పోలిక మన శివభక్తుల చరిత్రల్లోనే ఉంది. కన్ను పెకలించుకొంటున్న రూపాన్ని చూడగానే కన్నప్ప అంటాము. ఆ గుర్తును కథే ఇచ్చింది. కనుక కథ తెలియనిదే ప్రతిమ తెలియదు.

ఈ కథలకు సామాన్యాధారాలు ఐరోపా గ్రంథాలు. 13వ శతాబ్దికి చెందిన 'లెజెండా ఔరియా' మధ్యయుగ చిత్రకారులకు, శిల్పులకు ప్రధానమైన కథాకోశం. 1643లో ప్రచురణ ఆరంభమైన బొలాండిస్టుల 'ఆక్టా సాంక్టోరం' పునీతుల చరిత్రలను మూలప్రతుల ఆధారంతో పరిష్కరించే మార్గం వేసింది. వారిలో ఒకరైన ఇపోలిత్ దెలెయె 1905లో ప్రకటించిన గ్రంథం చరిత్రాంశాన్ని గాథాంశం నుండి వేరుచేసే విధానాన్ని బోధించింది. లూయీ రేయో 1955–59 మధ్య వెలువరించిన ప్రతిమాశాస్త్ర గ్రంథం చిహ్నాల పరిశీలనకు ఉపకరిస్తుంది. బైబిలు ఒక్కటే చాలదని ఇక్కడ నొక్కి చెప్పాలి. మరియమ్మ తల్లి అన్నమ్మ పేరు నాలుగు సువార్తల్లోనూ లేదు. అది 2వ శతాబ్దికి చెందిన యాకోబు పూర్వసువార్త అనే అప్రామాణిక గ్రంథం నుండి వచ్చింది.

ఇక ప్రాంతీయాధారాలలో మొదటిది వ్యక్తినామం. ఫిరంగిపురం పరిసరాల కతోలిక కుటుంబాల్లో వినిపించే రాయప్ప, చిన్నప్ప, ఇన్నయ్య, శౌరి, జోజప్ప అనే పేర్లు వరుసగా పేతురు, పౌలు, ఇగ్నేషియస్, జేవియర్, యోసేపు అనే పునీతులవి. పౌలు అన్న లాటిను పదానికి చిన్నవాడని అర్థం కనుక చిన్నప్ప అర్థానువాదం. శౌరి ధ్వన్యనుసరణం. అయితే శౌరి విష్ణునామం కూడ అయినందున, పేరు ఒక్కదానినే పట్టుకొని మతనిర్ణయం చేయరాదు.

రెండవది విచారణ దేవాలయాల జ్ఞానస్నాన, వివాహ, మరణ నమోదు పుస్తకాలు. పేర్లను సంవత్సరాలవారీగా లెక్కిస్తే ఏ పునీతుని భక్తి ఏ దశాబ్దంలో ప్రబలిందో తెలుస్తుంది. లూర్దు మాత దర్శనాలు 1858 నాటివి. కాబట్టి ఆ భక్తితో పెట్టిన లూర్దమ్మ, లూర్దయ్య అనే పేర్లు అంతకు ముందువి కాజాలవు. ఇట్లే ఫాతిమా మాత భక్తికి 1917 పూర్వావధి. ఈ అవధులు ప్రతిమల కాలనిర్ణయానికీ వర్తిస్తాయి.

మూడవది ఉత్సవం. ఫిరంగిపురంలో కార్మెల్ మాత ఉత్సవం జూలై 16న జరుగుతుంది. విశ్వకతోలిక పంచాంగంలోనూ అదే తేది. పాదువా అంతోని పండుగ జూన్ 13, మఠాధిపతి అంతోని పండుగ జనవరి 17. తెలుగులో ఇద్దరూ అంతోనివారే. ఉత్సవతిథి తెలిస్తేనే ఆ సందేహం తీరుతుంది.

నాలుగవది వాఙ్మయం. పింగళి ఎల్లనార్యుని 'తోభ్య చరిత్రము', మంగళగిరి ఆనందకవి 'వేదాంత రసాయనము' ప్రబంధశైలిలో వెలసిన క్రైస్తవకావ్యాలు. మొదటిదాని కాలం వివాదాస్పదం. దాని ఇతివృత్తమైన తోబీతు గ్రంథం కతోలికుల బైబిలులో ఉంది, ప్రొటెస్టంట్ల ప్రామాణిక గ్రంథాల్లో లేదు. చేప పట్టుకొన్న రఫాయేలు దూత ప్రతిమకు మూలం ఆ కథే. వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువ 'క్రీస్తు చరిత్ర' 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది.

ప్రకాశం మండలంలో స్థితి వేరు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు బాప్టిస్టు ఉద్యమానికి ప్రతిమారాధన లేదు. అక్కడ ఆధారం చరిత్రకథనం. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లాఫ్ 1899లో ప్రకటించిన గ్రంథంలో యర్రగుంట్ల పేరయ్య వృత్తాంతం ఉంది. అధికారికంగా పునీతుడు కాకపోయినా, భక్తుని జీవితం సంఘస్మృతిలో ఎట్లు ఆదర్శరూపం దాల్చుతుందో పరిశీలించడానికి అట్టి కథనాలు ఉపకరిస్తాయి.

ఈ ఆధారాలను సమన్వయించకపోతే కలిగే నష్టానికి ఒక ఉదాహరణ చాలు. యోసేపు ప్రతిమలోను, పాదువా అంతోని ప్రతిమలోను బాలయేసు, లిల్లీపువ్వు రెండూ కనిపించవచ్చు. అంతోనివారిని వేరుచేసేవి ఫ్రాన్సిస్కను సన్యాసుల అంగీ, మూడు ముడుల నడికట్టుతాడు. యోసేపును గడ్డంతో చూపడం వాడుక. జీర్ణోద్ధరణలో అంగీకి వేరే రంగు పూసి, తాటిముడులను సున్నంతో కప్పితే ఒక పునీతుడు మరొకనిగా మారిపోతాడు. తరువాతి పరిశోధకుడు ఆ కొత్త రంగునే ప్రమాణంగా గ్రహిస్తాడు. అప్పుడు పాత నమోదు పుస్తకం, ఊరి ఉత్సవతిథి, పెద్దల నోటిమాట మాత్రమే సత్యాన్ని నిలుపగలవు.

కావున ప్రతిమాచిహ్నం, జీవితకథ, స్థానికసాక్ష్యం అనే మూడూ ఏకీభవించినప్పుడే నిర్ణయం చేయాలి. ఏకీభవించనిచోట ఆ భేదాన్నే వివరంగా నమోదు చేయాలి. పాఠాంతరాలను పోల్చడంలో, లక్షణగ్రంథాలను అన్వయించడంలో శిక్షణ పొందిన మన ప్రాచ్యవిద్యార్థులు ఈ పనికి తగినవారు. ప్రతి దేవాలయాన్ని రంగులు వేయకముందే ఛాయాచిత్రీకరించి, నమోదు పుస్తకాలకు సూచికలు తయారుచేయడం వారు వెంటనే చేపట్టదగిన కార్యం.