నాడె పట్టుకోవచ్చా, గుట్ట ఎక్కొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ‘ఏం చూడాలి’ అన్న ప్రశ్న ఒక్కటీ లేదు. ‘మాతో ఏం చేయిస్తారు’ అనే అడిగారు అందరూ. థాయ్‌లాండ్‌లో వంట నేర్చుకుని, వియత్నాంలో మడికి నీళ్లు పోసి వచ్చినవాళ్లకు సొంత రాష్ట్రంలోనూ అలాంటి సెలవులు కావాలనిపించడం సహజమే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలకు సంబంధించిన ప్రశ్నలు ఇవి.

ప్రశ్న: నిరుడు లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో మా అమ్మాయీ నేనూ ఒక పూట మగ్గం మీద కూర్చుని చిన్న గుడ్డ నేశాం. గద్వాలలో అలాంటి అవకాశం ఉందా?
*– ఒక పాఠకురాలు, హైదరాబాద్*

జవాబు: లువాంగ్ ప్రబాంగ్‌లో ఓక్ పాప్ టోక్ అనే సంస్థ 2000 నుంచి నడుస్తోంది. ఒక పూట మొదలుకొని కొన్ని రోజుల దాకా నేత పాఠాలు చెబుతుంది. నేర్చుకోవడానికి వచ్చేవారి కోసమే అక్కడ విడిగా మగ్గాలుంటాయి. గద్వాల సంగతి వేరు. ఇక్కడ మగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో గుంట, గుంటలో కాళ్లు, కాళ్ల కింద పావళ్లు. అతిథి వస్తాడని ఖాళీగా ఉంచిన మగ్గం దాదాపు కనిపించదు.

పైగా గద్వాల చీర తొలిరోజే చేతికి లొంగే నేత కాదు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి రంగు ఒకటి, అంచు రంగు ఇంకొకటి. ఆ రెండూ కలిసే చోట అంచు పేకను, ఒంటి పేకను ఒకదానిలో ఒకటి మెలేసి లాగుతారు. దీనికే ‘కుట్టు’ అని పేరు, సూదితో మాత్రం పని లేదు. ఒక్కో వరసకు మూడు నాడెలు తిరగాలి. అందుకే చాలా ఇళ్లలో నేసే మనిషి పక్కన అంచు అందించడానికి ఇంకొకరు కూర్చుంటారు, తరచుగా ఇంటి ఆడవాళ్లే. కొంగు దగ్గరికి వచ్చేసరికి నూలు పడుగు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటిగా మెలివేసి అతకాలి. 2010లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ పనితనానికే.

మరి రెండు రోజుల సెలవు పెట్టుకుని వచ్చిన తల్లీకూతుళ్లు ఏం చెయ్యగలరు? కండెలు చుట్టవచ్చు. రాట్నం ముందు కూర్చుని పట్టుపోగు తెగకుండా కండెకు ఎక్కించడం చూడటానికి సులువు. పది నిమిషాల్లో మూడుసార్లు తెగాక తెలుస్తుంది, ఆ ఇంటి అవ్వ మాట్లాడుకుంటూనే ఎలా చుట్టేస్తోందో! చీర దించాక మగ్గం మీద పడుగు కొస మిగిలితే దాని మీద నాడె ఆడించి చూడమని వాళ్లే అంటారు కొన్నిసార్లు. నడుస్తున్న చీర మీద మాత్రం చెయ్యి వెయ్యనివ్వమని అడగకూడదు. ఒక్క దెబ్బ అటూఇటూ అయితే గుడ్డలో మచ్చ పడుతుంది. చాలామంది నేతగాళ్లకు నూలూ పట్టూ ఇచ్చేది మాస్టర్ వీవర్, వాళ్లకు దక్కేది చీరకు ఇంత అని మజూరీ. మచ్చ పడితే ఆ మజూరీలో కోత పడవచ్చు.

కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. చీర కొనే దుకాణం ద్వారానో, చేనేత సహకార సంఘం ద్వారానో ఒక ఇల్లు చూసుకుని, ఆ పూట పని ఆగినందుకు రోజు మజూరీకి తగ్గకుండా ఇవ్వాలి. ‘చూపించడానికి డబ్బులెందుకు’ అనుకునేవారు ప్రదర్శనశాలకు వెళ్లడం మేలు. గద్వాల ఊరే కానక్కర్లేదు. రాజోలి, అయిజ, గట్టు వైపు, వనపర్తి జిల్లాలోని అమరచింత వైపు కూడా ఈ చీర నేస్తారు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తింది. అక్కడి ఇళ్లలో కూర్చుంటే ఆ వరద కబురు ఎవరూ అడక్కుండానే వస్తుంది.

ఇంకొక్క మాట. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ‘ఏరువాడ జోడు పంచెలు’ వెళ్తాయి. ఏరువాడ అంటే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నడిగడ్డే. 11 గజాల ఆ పంచెలను 41 రోజుల దీక్ష పట్టి నేస్తారు. ఆ మగ్గాన్ని దూరం నుంచి చూడాలి. తాకుతామని అడగడం కూడా తప్పే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు, గుళ్లంటే విసుగు. గుట్టలెక్కుతానంటాడు. వనపర్తి వైపు రెండు రోజులకు పని ఉందా?
*– ఒక తండ్రి, నల్లగొండ*

జవాబు: ఘనపురం ఖిల్లా ఉంది. 13వ శతాబ్దంలో గోన వంశపు గణపరెడ్డి కట్టించిన కోట అని చెబుతారు. ‘రంగనాథ రామాయణం’ రాసిన గోన బుద్ధారెడ్డి ఇంటిపేరే ఇదీ. రెండు గుట్టలను చుట్టుకుని గోడలు, కింద గణపసముద్రం చెరువు. కట్టిన మెట్లు కొంత దూరమే. ఆ పైన బండలు, ముళ్లకంప, మేకలు వెళ్లే దారి. తెల్లవారుజామున ఎక్కడం మొదలుపెట్టాలి. తొమ్మిది దాటాక బండ కాలిపోతుంది. ఊళ్లో మేకలు కాసే ఒకరిని తోడు తీసుకుంటే దారి తప్పరు.

రెండో రోజు సరళాసాగర్. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు తలపెట్టి, తల్లి సరళాదేవి పేరు పెట్టిన ప్రాజెక్టు. 1959లో పూర్తయింది. ఇంజినీరింగ్ కుర్రాడికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఇక్కడ వరద వచ్చినప్పుడు గేట్లు ఎత్తే మనిషే అక్కర్లేదు. నీరు ఒక మట్టం చేరగానే సైఫన్లలోని గాలిని తోసేసి తనంతట తానే బయటికి దూకుతుంది. మట్టం తగ్గి గాలి దూరితే ఆగిపోతుంది. 2019 డిసెంబరు 31న కట్టకు గండిపడింది, తర్వాత పూడ్చారు. సైఫన్లు దూకడం చూడాలంటే మంచి వానలు పడ్డాక వెళ్లాలి, కట్ట మీద నిలబడే చూడాలి. వనపర్తి రాజుల భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. అదీ ఆ కుర్రాడికి నచ్చవచ్చు.

ప్రశ్న: పిల్లలకు పొలం పని చూపించాలి. వేసవి సెలవుల్లో వస్తే కుదురుతుందా?
*– ఒక ఉపాధ్యాయిని, విజయవాడ*

జవాబు: మే నెలలో చేలల్లో దుమ్ము తప్ప ఏమీ ఉండదు. సంక్రాంతి సెలవుల్లో రావాలి. యాసంగి పల్లి జనవరి నుంచి తీతకు వస్తుంది. నడిగడ్డ వైపు వీటినే బుడ్డలంటారు. చెట్టు పీకి, మన్ను దులిపి, కుప్ప ముందు కూర్చుని కాయ తెంపడం ఎనిమిదేళ్ల పిల్లలకూ చేతనవుతుంది. వియత్నాంలో హోయ్ ఆన్ దగ్గరి చా క్వే అనే కూరగాయల పల్లెలో సందర్శకుల భుజాన కావడి పెట్టి మడులకు నీళ్లు పోయిస్తారు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఆ పల్లెను ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. 2021లో అదే జాబితాలోకి ఎక్కిన మన పోచంపల్లి ఈ మూడు జిల్లాలకు బయటిది. పల్లి చేలకు ఇంకా అలాంటి ఏర్పాట్లేమీ లేవు, తెలిసిన రైతును పట్టుకోవలసిందే.

మధ్యాహ్నానికి జొన్నరొట్టె నేర్పమనండి. మసిలే నీళ్లు పోసి పిండి కలపాలి, చల్లారకముందే పిసకాలి. అరచేత్తో తట్టుతుంటే రొట్టె తిరగాలి, చెయ్యి తిరగకూడదు. పెనం మీద వేశాక పైన తడిగుడ్డతో అద్దాలి. పిల్లల తొలి రొట్టెలు మూడు ముక్కలవుతాయి. వాటినే పల్లిపొడితో తినిపించండి.

ప్రశ్న: పాలమూరు జనం పొట్ట చేతబట్టుకుని దేశమంతా వలస పోయి కాలువలు తవ్వారు. అక్కడికి వెళ్లి సరదాకు కాయ తెంపడం, మగ్గం పట్టడం ఎగతాళి కాదా?
*– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్*

జవాబు: ఉత్తరాలన్నిటిలో పదునైన ప్రశ్న ఇదే. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు దాకా పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోవే. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలోని ఆనకట్టల దగ్గరల్లా వినిపించిన మాట. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికి ఏళ్లు పట్టిన కుటుంబాల పిల్లలే ఇప్పుడు ఇక్కడ ఆటో నడుపుతున్నారు, హోటల్లో భోజనం వడ్డిస్తున్నారు.

ఎగతాళి అవుతుందా లేదా అన్నది వెళ్లేవాడు ఎలా కూర్చుంటాడన్న దాన్ని బట్టి ఉంటుంది. చేనులో పది నిమిషాలు కొడవలి పట్టుకుని ఫొటో దిగి, కారెక్కిపోయేవాడిని చూసి కూలీ ఆడవాళ్లు వెనక నవ్వుకుంటారు. అది న్యాయమైన నవ్వే. పూటంతా ఉండి, కుప్ప సగమైనా పూర్తిచేసి, వాళ్ల అన్నమే తిని, ఎంత తెంపాడో అడిగితే సిగ్గుపడకుండా చెప్పేవాడికి వేరే మర్యాద దొరుకుతుంది. నేర్పినందుకు డబ్బు ఇవ్వడం దానం కాదు, ఫీజు. చియాంగ్ మాయ్ వంట బడిలో బేరమాడకుండా ఫీజు కట్టినవారు ఇక్కడ అవ్వ చేతిలో నూటయాభై పెట్టి మురిసిపోతే మాత్రం ప్రశ్న అడిగిన పాఠకుడిదే గెలుపు.

ప్రశ్న: సలేశ్వరం నడవాలని ఉంది. నాన్నగారికి అరవై దాటాయి, ఆయనా వస్తానంటున్నారు.
*– ఒక పాఠకుడు, బెంగళూరు*

జవాబు: సలేశ్వరం దారి ఏడాదంతా తెరిచి ఉండదు. చైత్ర పౌర్ణమి చుట్టూ కొద్ది రోజులు మాత్రమే అటవీశాఖ అనుమతిస్తుంది. అంటే ఎండలు ముదిరాక. వాహనాలు రాంపూర్ చెంచుపెంట వైపు ఆగిపోతాయి. అక్కడి నుంచి లోయలోకి రాళ్ల మీద నడక, మళ్లీ అంతే ఎక్కుడు. అక్కడి శివుడైన లింగమయ్యను పిలుచుకుంటూ వేలమంది ఒకే ఇరుకు దారిలో దిగుతారు. మోకాళ్లు, గుండె సరిగా లేనివారికి ఇది తగదు. నాన్నగారిని డాక్టరుకు చూపించాకే మాట.

ఆయన కోసం వేరే దారి ఉంది. సలేశ్వరం ఉన్నది 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో. 2021లో అటవీశాఖ మన్ననూరులో మొదలుపెట్టిన ‘టైగర్ స్టే’లో రాత్రి బస, ఫర్హాబాద్ వైపు సఫారీ, కొంత కాలినడక కలిపి ఉంటాయి. వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపుతారు. ముందుగా ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. అడవిలో దారి చూపించే చెంచు యువకుల వెంట నెమ్మదిగా నడిస్తే చాలు. దుప్పి అరుపు వినగానే వాళ్లు ఎందుకు ఆగారో, పేడ చూసి ఏ జంతువు ఎప్పుడు వెళ్లిందో ఎలా చెప్పారో అడగాలి. మచ్చల ఒళ్లున్న పొడ తూర్పు ఆవుల మంద ఎదురైతే పక్కకు తప్పుకోవాలి, అవి ఈ అడవి అంచున పెరిగిన ప్రత్యేక జాతి. చెంచుపెంటల్లో ఇళ్ల ముందు నిలబడి అడక్కుండా ఫొటోలు తీయడం మానాలి. మన్ననూరు గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసే ఉంటుందని డ్రైవరుకు ముందే చెప్పండి.

ప్రశ్న: సోమశిలలో పుట్టి తొయ్యనిస్తారా?
*– ఒక విద్యార్థిని, కర్నూలు*

జవాబు: జాలరులు సరేననవచ్చు, కానీ లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు. ఇక్కడ కనిపించేది పారే ఏరు కాదు, శ్రీశైలం జలాశయపు వెనుక నీళ్లు. లోతు తెలియదు, గాలి లేస్తే అల కూడా లేస్తుంది. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి పదులమంది పోయిన సంగతి ఈ ఒడ్డున ఎవరూ మరచిపోలేదు. పర్యాటక శాఖ పడవలుంటాయి. తొయ్యాలన్న కోరిక ఉంటే ఒడ్డు వారగా, మోకాళ్ల లోతులో, జాలరి పక్కనుండగా చాలు. పుట్టికి ముందూ వెనుకా లేవు కనుక తెడ్డు ఒకే పక్క వేస్తే ఉన్నచోటే బొంగరంలా తిరుగుతుంది. అక్కడే సగం రోజు గడిచిపోతుంది. సోమశిల గుళ్లు కూడా శ్రీశైలం ముంపు నుంచి తప్పించి తెచ్చి కట్టినవే. వేసవిలో నీరు తగ్గితే అవతలి వైపు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. కొల్లాపూర్ మామిడి సీజను కూడా అప్పుడే.

ప్రశ్న: రైలులో వస్తే ఎక్కడ దిగాలి?
*– చాలామంది*

జవాబు: గద్వాల జంక్షన్‌లో. ‘వనపర్తి రోడ్’ స్టేషన్ పేరు చూసి ఊళ్లోనే దిగుతామనుకోవద్దు, అది మదనాపురం దగ్గర ఉంది. అక్కడి నుంచి వనపర్తికి బస్సో ఆటోనో ఎక్కాలి. నాగర్‌కర్నూల్‌కు రైలే లేదు. మన్ననూరుకు హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సే దారి. తెల్లవారుజాము బస్సు ఎక్కితే గేటు తెరిచాక చేరతారు, మధ్యాహ్నం భోజనానికి అడవిలో ఉంటారు.