హెల్మెట్ కింద మంట

విశాఖ ఉక్కు కర్మాగారంలో పొద్దుటి షిఫ్టు వదిలాక, పక్కనే ఉన్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్లని చూడండి. హెల్మెట్ తీయగానే చెయ్యి నడినెత్తికే పోతుంది. లోపలి పట్టీ ఒత్తుకున్న చోట ఎర్రటి చార, దాని మీద తెల్లగా పొట్టు. చెమటకి దురద పుట్టడం మామూలే. జుట్టు ఊడుతోందని పొద్దున్నే మినాక్సిడిల్ రాసుకొచ్చినవాళ్లకి ఆ దురద మంటవుతుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. మందు పడలేదని సీసా అవతల పారేసేవాళ్లు కొందరు. మండితేనే పనిచేస్తున్నట్టని పళ్లు బిగబట్టి రాస్తూ పోయేవాళ్లు ఇంకొందరు. రెండూ వద్దు. చాలాసార్లు ఆ మంట అసలు మందుది కాదు. దాన్ని కరిగించిన ద్రవానిది, మీరు రాసిన వేళది. ముందు అవి మార్చి చూడండి.

మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. వేసుకున్నవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి తలకి రాసే మందుగా తయారుచేశారు. అమెరికాలో దానికి 1988లో అనుమతి వచ్చింది. అది నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఆల్కహాల్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతారు. ఆల్కహాల్ చర్మాన్ని ఎండగడుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ కొందరికి దురద, పొలుసులు తెస్తుంది. సీసా వెనక ఆ పేరు ఉందేమో చదవండి. ఫోమ్ రకంలో సాధారణంగా అది ఉండదు. ధర ఎక్కువే, అయినా దురదతో బాధపడేవాళ్లు డాక్టర్‌ని ముందుగా అడగాల్సింది ఫోమ్ గురించే. మన విశాఖ ఉక్కపోతకి ఫోమ్ వేళ్ల మీదే నీరైపోతుంది. చేతులు చల్లటి నీళ్లతో కడిగి, పొడిగా తుడుచుకుని తీసుకోండి.

ఇక వేళ సంగతి. డ్యూటీకి బయల్దేరేముందు రాసి, ఆ తడి మీద హెల్మెట్ పెట్టకండి. అది మూతలా కూర్చుంటుంది. మందు చెమటతో కలిసి నుదుటికీ చెవుల వెనక్కీ జారుతుంది. పైగా ఆల్కహాల్ నిప్పంటుకునే సరుకు. వెల్డింగ్, గ్యాస్ కటింగ్, ఫర్నేస్ దగ్గర పనిచేసేవాళ్లకి ఆ తడి తల ప్రమాదం. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు తలస్నానం చేసి, జుట్టు ఆరాక రాసి, మందు కూడా బాగా ఇంకాకే తలగడ మీద వాలండి. పక్కన పసిపిల్లలు పడుకునే ఇల్లయితే ఇది మరీ ముఖ్యం. పోర్టులో బొగ్గు, ఖనిజం బెర్తుల మీద పనిచేసేవాళ్లు తలలో దుమ్ము పోకుండా మందు రుద్దకండి. రాశాక నాలుగు గంటలు తల తడవకూడదు. రోజుకి రెండు పూటలు షిఫ్టుతో కుదరకపోతే ఒక పూటకి మార్చవచ్చేమో డాక్టర్‌ని అడగండి. మానేసిన పూటది కలిపి రెట్టింపు రాస్తే జుట్టు ఎక్కువ రాదు, మంట ఎక్కువవుతుంది.

హెల్మెట్ పట్టీ తరచూ ఉతకండి. ఇంకొకరి హెల్మెట్ వద్దు.

ఇప్పటికే చర్మం ఎర్రబడి ఉంటే మంట తగ్గేదాకా మందు ఆపండి. గోళ్లతో గీరుకున్న చోట, ఎండకి కమిలిన చోట రాస్తే మందు రక్తంలోకి ఎక్కువగా పోతుంది. చిట్కాలని రాసే నిమ్మరసం, ఉల్లిరసం ఆ పుండు మీద కారంలా పనిచేస్తాయి. చుండ్రు కూడా ఉంటే కీటోకోనజోల్ షాంపూ సంగతి డాక్టర్‌ని అడగండి. వాడమంటే వెంటనే కడిగేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచాలి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ మాత్రం ముట్టుకోకండి. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఆనక చర్మం పల్చబడుతుంది. జుట్టుకి రంగు వేసుకునేవాళ్లు మందు రాసే రోజునే రంగు పెట్టకండి. రంగులకీ కొందరికి ఎలర్జీ ఉంటుంది, ఏది దేనివల్లో తేలదు.

రసి కారినా, కనురెప్పలు వాచినా అది ఎలర్జీ కావచ్చు. మందు ఆపి చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరకి వెళ్లండి, అది ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఓపీ అయినా సరే. సీసా వెంట పట్టుకెళ్లండి. ప్యాచ్ టెస్ట్ చేస్తే ఎలర్జీ మందుకా, ద్రవానికా అన్నది తెలుస్తుంది. ద్రవానికే అయితే మరో రూపంలో మందు కొనసాగించే దారి దొరుకుతుంది. గుండె దడ, తల తిరగడం, పాదాల వాపు కనిపిస్తే మందు అప్పుడే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. క్రేన్ ఎక్కేవాళ్లు ఆ రోజు ఎక్కొద్దు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకొకటి. సింహాచలంలో తలనీలాలు ఇచ్చి వచ్చిన సాయంత్రమే, నున్నటి తల మీద మందు బాగా పడుతుందని రాసేసుకోకండి. కత్తి తగిలిన గాట్లు కంటికి ఆనకపోవచ్చు, కానీ గుండుకి చందనం రాసినప్పుడు చురుక్కుమంటాయి. ఆ చురుకు పూర్తిగా పోయాకే సీసా మూత తీయండి.