మోచెయ్యి సంగతి

గుంతకల్లు

పాపా,

నీ జాబు చేరింది. సాఫ్ట్‌బాల్ సెలెక్షన్ల ముచ్చట రెండు పేజీలు రాసి, మోచెయ్యి లోపలి పక్క నొస్తోందని చివర్లో ఒక్క ముక్క ఇరికించావు. మలాం పూసుకుని ఆడేస్తున్నావంట! అది చదివినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మీ నాయనకు ఇంకా చెప్పలేదులే. మీ కోచ్‌కు మాత్రం రేపే నువ్వు చెప్పాలి.

మోచేతి లోపలి పక్క ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ ఒకటుంటుంది. చెయ్యి పైకెత్తి విసిరినప్పుడల్లా ఆ భారం దానిమీదే పడుతుంది. అమెరికాలో టామీ జాన్ అనే బేస్‌బాల్ పిచ్చర్‌కు 1974లో అది తెగితే, డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతని రెండో చేతిలోంచి టెండన్ తీసి అక్కడ వేశాడు. మళ్ళీ ఆడటానికి 1976 దాకా పట్టింది. నీ ఈడు పిల్లలకు ఎముక పెరిగే చోటు ఇంకా గట్టిపడి ఉండదు తల్లీ, ముందు అదే దెబ్బ తింటుంది. అక్కడి పిల్లల బేస్‌బాల్ లిటిల్ లీగ్‌లో పన్నెండేళ్ళ పిచ్చర్‌ను రోజుకు 85 బంతులకు మించి వెయ్యనివ్వరు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి.

పోయిన పండక్కి వచ్చినప్పుడు రైల్వే గ్రౌండులో చూశా. నీ మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతోంది. భుజానికి సమంగా ఉండాలి. అది జారితే బంతిని చెయ్యి ఒక్కటే నెట్టాల్సి వస్తుంది. ఎందుకు జారుతోందంటే, గురికి ఎదురుగా నిలబడి విసురుతున్నావు. పక్కకు తిరుగు. ఎడమ భుజం గురి వైపు పెట్టు. ఎడమ కాలు అటే వెయ్యి. ముందు నడుము తిరగాలి, దాని వెంట రొమ్ము, చెయ్యి అన్నిటికన్నా చివర. బంతి వదిలాక చెయ్యి ఎడమ తొడ దాకా పోనీ, మధ్యలో బిగబట్టొద్దు. సాఫ్ట్‌బాల్ చుట్టుకొలత 12 అంగుళాలు, బేస్‌బాల్‌ది 9. నీ చిన్న చేతికి రెండు వేళ్ళు చాలకపోతే మూడు పెట్టు. అరచేతికి మాత్రం ఆనించొద్దు. నువ్వు క్యాచర్‌వి, నీ దగ్గర నుంచి సెకండ్ బేస్ దాదాపు 85 అడుగుల దూరం. ఉత్త చేతి బలంతో అంత దూరం ఎన్నాళ్ళు వేస్తావు?

నీ ఈడులో నన్ను మీ జేజినాయన తెల్లారకముందే జొన్నచేలో మంచె ఎక్కించేవాడు. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. నిలిచిన కాసిన్ని కంకుల మీదికి చుట్టుపక్కల పిట్టలన్నీ వాలేవి. నేను వడిసెల తిప్పుతుంటే ఆయన కింద నిలబడి నా కాళ్ళను చూసేవాడు, చేతిని కాదు. "కాలు మార్చు, నడుం తిప్పు" అని ఒకటే కేకలు. రాయి వంక దాటి పడేది. రాత్రి మా అమ్మ ఆముదం వెచ్చ చేసి చేతులకు రాసేది. నీకు రాయడానికి నేను పక్కన లేను, అదే నా బాధ.

మా కాలంలో ఈ సీమలో ఆడపిల్లకు గ్రౌండు ఎక్కడిది? ఫెర్రర్ గారి ఆర్డీటీ సంస్థ పుణ్యమా అని నీకు దొరికింది. ఆడు, కడుపునిండా ఆడు. ఇప్పుడు మాత్రం బంతి ముట్టొద్దు. డాక్టరు సరేనన్నాక, ముందు ఉత్త తువ్వాలు చివర పట్టుకుని విసరడం మొదలుపెట్టు, మోచెయ్యి భుజం ఎత్తున ఉందో లేదో అద్దంలో చూసుకో.

శనివారం మామ వస్తాడు, ఓళిగలు పంపిస్తున్నా. ఆయన వెంట డాక్టరు దగ్గరికి పో. సంచీ ఎడమ చేత్తో పట్టుకో.

మీ అత్త