నెలసరి తప్పిందా? కషాయం తర్వాత, పరీక్ష ముందు

నెలసరి వారం దాటగానే కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు గాజరు గింజల కషాయం కాచి ఇస్తారు. ఆ తొందర మంచిది కాదమ్మా. హైజ్ ఆగిపోవడాన్ని యునానీలో ఇహ్తిబాస్-ఎ-తమ్స్ అంటారు. దాన్ని జారీ చేసే మందులు ముదిర్-ఎ-హైజ్. గాజరు గింజలు, అబ్హల్ ఈ కోవలోవే. కడుపుతో ఉన్నవారికి ఇవి హాని చేయవచ్చు. అందుకే పెళ్లయినవారు ముందు మూత్ర పరీక్ష చేసుకోవాలి. పాలిచ్చే తల్లికి నెలసరి మొదలుకాకముందే గర్భం నిలవవచ్చు.

గర్భం కాదని తేలితే థైరాయిడ్, అండాశయాల్లో నీటిబుడగలు, బరువులో పెద్ద మార్పు, దిగులు వంటి కారణాలు చూడాలి. రంజాన్‌కో హజ్‌కో వాయిదా మాత్రలు వేసుకుని ఉంటే ఆ సంగతి హకీముకు దాచకండి.

మొదటి రోజు నుంచి లెక్కిస్తే 21-35 రోజులకు రావడం మామూలే. 3 నెలలు రాకపోయినా, అమ్మాయికి 15 ఏళ్లు నిండినా మొదలవకపోయినా డాక్టరుకు చూపించాలి. నెల తప్పి, పొత్తికడుపులో ఒకపక్క తీవ్రంగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.