నల్లేరు మీద బండి నడక: కారు పందాల్లో ఒకే జట్టు ఏలుబడి

ఆటకూ వ్యాపారానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. సబ్బుల కంపెనీకి ఎదుటి కంపెనీ మూతపడితే పండగే. బజారంతా దానిదే అవుతుంది. పందెంలో అలా కుదరదు. ఎదుటివాడు చేతులెత్తేస్తే గెలిచినవాడి గెలుపు కూడా వెలవెలబోతుంది. అమెరికన్ ఆర్థికవేత్త సైమన్ రాటెన్‌బర్గ్ 1956లో బేస్‌బాల్ ఆటగాళ్ళ శ్రామిక మార్కెట్టును గురించి రాస్తూ, ఫలితం ముందుగా తెలియకపోవడం వల్లనే జనం డబ్బిచ్చి ఆట చూడడానికి వస్తారన్నాడు. 1964లో వాల్టర్ నీల్ ఇదే విషయాన్ని బాక్సింగ్ వీరుడు జో లూయీ ఉదాహరణతో వివరించాడు. గట్టి ప్రత్యర్థి అంటూ లేకపోతే లూయీకి సంపాదనే ఉండదు! అర్థశాస్త్రంలో 'పోటీ సమతౌల్యం' అనే సమస్య ఇక్కడ మొదలవుతుంది.

ఈ సమస్య కొట్టొచ్చినట్టు కనిపించే చోటు ఫార్ములా వన్ కారు పందాలు. ఇప్పటి పద్ధతిలో ప్రతి జట్టూ తన కారులోని ముఖ్యభాగాలను తానే రూపొందించుకోవాలి. అంచేత పోటీ డ్రైవర్ల మధ్యనే కాదు, కర్మాగారాల మధ్య కూడా. ఒక కర్మాగారం మిగతావాటికి అందనంత ముందుకు పోయిందంటే, ఏడాది పొడవునా దాని ప్రయాణం నల్లేరు మీద బండి నడకే. అప్పుడు నిర్వాహకులు ఏం చెయ్యాలి? గెలిచేవాణ్ణి వెనక్కి లాగాలా, వెనకబడ్డవాణ్ణి ముందుకు తొయ్యాలా? ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఆ ప్రశ్నే.

కొలవడం ఎలా?

పరిశ్రమల్లో గుత్తాధిపత్యాన్ని కొలవడానికి వాడే హెర్ఫిండాల్ సూచిక మన కామర్సు విద్యార్థులకు తెలిసిందే. దాన్నే ఇక్కడ వాడుకోవచ్చు. ఒక సీజనులో ఒక్కొక్క జట్టు గెలిచిన పందాల వాటాను వర్గం చేసి, అన్నిటినీ కూడితే సరి. అన్ని పందాలూ ఒకే జట్టు గెలిస్తే జవాబు 1. గెలుపులు ఎంతమందికి పంచబడితే అంకె అంత తగ్గుతుంది. కొన్ని సీజన్లకు లెక్కేసి చూద్దాం.

1982: 16 పందాలు, 7 జట్ల గెలుపు – సూచిక 0.19
1988: 16లో 15 మెక్‌లారెన్‌వి – 0.88
2002: 17లో 15 ఫెరారీవి – 0.79
2016: 21లో 19 మెర్సిడెస్‌వి – 0.83
2023: 22లో 21 రెడ్ బుల్‌వి – 0.91
2024: 24 పందాలు, 4 జట్ల గెలుపు – 0.27

2002లో ఫెరారీకి వచ్చిన పాయింట్లు 221. మిగతా జట్లన్నిటివీ కలిపినా సరిగ్గా 221! మైకేల్ షూమాకర్ ఇంకా 6 పందాలుండగానే, జూలైలోనే ఛాంపియన్ అయిపోయాడు.

అయితే అంకె ఒక్కటే చూసి మంచిచెడ్డలు తేల్చెయ్యకూడదు. పట్టికలో అన్నిటికన్నా 'సమతౌల్యం' ఉన్న 1982లో 11 మంది వేరువేరు డ్రైవర్లు గెలిచారు. ఒక్కటంటే ఒక్క పందెం గెలిచిన కేకే రోస్‌బర్గ్ ప్రపంచ విజేత అయ్యాడు. కాని అదే ఏడు జోల్డర్‌లో జిల్ విల్నోవ్, మాంట్రియల్‌లో రికార్డో పాలెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆధిక్యంలో ఉన్న పిరోనీ ఘోరమైన గాయాలతో పందాలకే దూరమయ్యాడు. గెలుపులు పంచుకోబడినంత మాత్రాన అది ఆరోగ్యకరమైన పోటీ అనుకోవడానికి వీల్లేదు.

ఆధిపత్యం ఎలా పుడుతుంది?

డబ్బు ఒక కారణమనడంలో సందేహం లేదు. కాని డబ్బొక్కటే అయితే ప్రతి ఏటా అత్యధికంగా ఖర్చు పెట్టినవాడే గెలవాలి. అలా జరగలేదు. అసలు కారణాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, కొత్త నిబంధనలను ముందుగా, సరిగ్గా అర్థం చేసుకోవడం. 2014లో ఇంజను స్థానంలో హైబ్రిడ్ యంత్రం వచ్చినప్పుడు మెర్సిడెస్ తన టర్బోలోని రెండు చక్రాలను విడదీసి, ఇంజనుకు చెరొక కొసనా అమర్చింది. దాంతో మొదలైన ఆధిక్యం 2021 వరకూ వరసగా 8 జట్టు టైటిళ్ళు తెచ్చిపెట్టింది. 2009లోనూ ఇంతే. హోండా వదిలేసి పోయిన జట్టు బ్రాన్ పేరుతో బరిలో దిగి, కారు వెనక అడుగుభాగంలో రెండంతస్తుల డిఫ్యూజర్ పెట్టి, మొదటి 7 పందాల్లో 6 గెలుచుకుంది. డబ్బుకు కటకటలాడిన జట్టే ఆ ఏటి విజేత!

రెండవది, గెలుపు గెలుపును ఈనడం. ముందున్న జట్టు ఈ ఏటి కారు పని తొందరగా చాలించి, వచ్చే ఏటి కారు మీద కూర్చుంటుంది. మంచి ఇంజనీర్లు, మంచి డ్రైవర్లు కూడా అక్కడికే చేరతారు. షూమాకర్ వెంట రాస్ బ్రాన్, రోరీ బర్న్ బెనెటన్ నుంచి ఫెరారీకి వచ్చి చేరిన తర్వాతనే ఆ జట్టు దశ తిరిగింది. పైగా ఫెరారీకి ఫియొరానో, ముజెల్లోలలో సొంత ట్రాకులు. ఎన్ని రోజులైనా పరీక్షలు చేసుకోవచ్చు.

మూడవది గాలి. ముందు పోయే కారు వెనక గాలి చెదిరి సుడులు తిరుగుతుంది. ఆ గాలిలో చిక్కుకున్న కారుకు నేలకు అదిమిపట్టే బలం తగ్గుతుంది, టైర్లు వేడెక్కుతాయి. అంటే ముందున్నవాడికి ముందుండడమే ఒక లాభం.

జట్టు వేరు, డ్రైవరు వేరు

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. ఒకే జట్టు గెలుస్తున్నంత మాత్రాన పోటీ చచ్చిపోయిందనుకోరాదు. 1988లో సెనా 8, ప్రోస్ట్ 7 పందాలు గెలిచారు. ఇద్దరిదీ మెక్‌లారెన్ జట్టే. మొత్తం పాయింట్లు ప్రోస్ట్‌కు 105, సెనాకు 94. కాని ఉత్తమమైన 11 ఫలితాలే లెక్కకు తీసుకోవాలన్న అప్పటి నియమం ప్రకారం సెనా 90–87తో నెగ్గాడు. 2016లో మెర్సిడెస్ జట్టులోనే నీకో రోస్‌బర్గ్ 385, హామిల్టన్ 380. చివరి పందెం దాకా ఊపిరి బిగపట్టి చూడవలసి వచ్చింది.

దీనికి వ్యతిరేకంగా 2002 ఆస్ట్రియా పందెం చూడండి. ముందున్న బారికెల్లో, జట్టు ఆజ్ఞ మేరకు గీత దగ్గర వేగం తగ్గించి షూమాకర్‌ను పోనిచ్చాడు. ప్రేక్షకులు గోల చేశారు. వాళ్ళ కోపం ఫెరారీ గెలిచినందుకు కాదు. ఎవరు గెలవాలో గదిలో నిర్ణయించినందుకు. జనం బలవంతుణ్ణి సహిస్తారు, ముందే రాసిపెట్టిన ఫలితాన్ని సహించరు.

వేసిన మందులు

నిర్వాహకులు వేసిన మందులను నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

పాయింట్ల మార్పు: ఫెరారీ దెబ్బకు 2003లో రెండో స్థానానికి 6 బదులు 8 పాయింట్లు ఇచ్చారు. 6 పందాలు గెలిచిన షూమాకర్ 93, ఒకే ఒక్కటి గెలిచిన రైకొనెన్ 91! పోటీ దగ్గరపడినట్టు కనిపించింది. కాని ఇది లెక్కలు రాసే పద్ధతిని మార్చడమే. కారు వేగంలో తేడా ఏమీ రాదు. 2004లో ఫెరారీ 18లో 15 గెలిచి ఆ సంగతి రుజువు చేసింది.

నిషేధం: 1988 తర్వాత టర్బో ఇంజన్లను రద్దు చేశారు. మెక్‌లారెన్ 1989లోనూ 16లో 10 గెలిచింది. 2005లో పందెం మధ్య టైర్లు మార్చకూడదన్నారు. ఈసారి మాత్రం ఫెరారీ కూలిపోయింది; ఏడాదిలో ఒక్క గెలుపే మిగిలింది. అయితే ఇలా కూల్చడంలో వెనకబడ్డవాడు నేర్చుకున్నదేమిటి?

సమూలమైన మార్పు: గోటితో పోయేదానికి గొడ్డలి వాడడం లాంటిది ఇది. 2014 మార్పుతో నాలుగేళ్ళ రెడ్ బుల్ ఏలుబడి పోయి, ఎనిమిదేళ్ళ మెర్సిడెస్ ఏలుబడి వచ్చింది. 2022లో కారు స్వరూపం మార్చితే రెడ్ బుల్ 22లో 17, మరుసటి ఏడు 21 గెలిచింది. రాజు మారాడు గాని రాజ్యం మారలేదు.

అవకాశాల పంపిణీ: 2021లో ఖర్చుకు పరిమితి పెట్టారు; మూలమొత్తం 14 కోట్ల 50 లక్షల డాలర్లు. దీనికి తోడు గాలి పరీక్షల వాటా. విండ్ టన్నెల్ అనే గాలి సొరంగంలో ప్రతి జట్టు చేసుకోగల పరీక్షలకు ఒక కొలత ఉంది. 2022 నుంచి మొదటి స్థానంలోని జట్టుకు అందులో 70 శాతం, తర్వాతి ఒక్కొక్క స్థానానికీ 5 శాతం ఎక్కువ, పదో జట్టుకు 115 శాతం. ఈ నియమాలకు పళ్ళున్నాయని కూడా తేలింది: 2021 పరిమితి మీరినందుకు రెడ్ బుల్‌కు 70 లక్షల డాలర్ల జరిమానా, పరీక్షల్లో 10 శాతం కోత పడ్డాయి.

ఈ నాలుగో మందుకూ మొదటి మూడింటికీ ఉన్న భేదం గమనించాలి. గెలిచినవాడి కారుకు బరువు కట్టలేదు, గెలుపు లాక్కోలేదు. వెనకబడ్డవాడికి నేర్చుకునే వ్యవధి ఎక్కువ ఇచ్చారు. పని మాత్రం వాడే చేసుకోవాలి. 2023లో నాలుగో స్థానంలో ఉన్న మెక్‌లారెన్, 2024లో ఫెరారీ కంటే 14 పాయింట్ల ఆధిక్యంతో జట్టు టైటిల్ సాధించింది. 1998 తర్వాత దానికదే మొదటిది. నిబంధనలు మూడేళ్ళు కదలకుండా ఉండడం కూడా ఇందుకు తోడ్పడింది. 2025లో మెక్‌లారెన్ 24లో 14 గెలిచినా, నోరిస్ 423, వెర్‌స్టాపెన్ 421, పియాస్ట్రీ 410తో డ్రైవర్ల పోరు చివరి పందెం దాకా సాగింది.

అందరికీ ఒకే కారు ఇస్తే?

ఈ ప్రశ్న సహజంగానే వస్తుంది. 2023 ఫిబ్రవరిలో మన హైదరాబాదులో, హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం కొంతవరకు ఆ మార్గమే. అందులో చట్రం, బ్యాటరీ అందరికీ ఒకటే. వెనక చక్రాలను నడిపే యంత్రభాగంలోనే తయారీదారుల ప్రతిభ. ఆ పందెం జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. తర్వాతి ఏడు జరగవలసిన పందెం రద్దయింది, అది వేరే సంగతి. ఈ పద్ధతిలో ఖర్చు తగ్గుతుంది, పోటీ బిగుస్తుంది, నిజమే. కాని కొత్త కారును కనిపెట్టే అవకాశం కుంచించుకుపోతుంది. ఒకరి ఆలోచన పదిమందిని మించిపోగలదన్న ఆశే కదా ఇంజనీరును రాత్రిళ్ళు మేలుకునేలా చేసేది!

ముగింపు

పోటీ సమతౌల్యం అంటే అందరూ సమానంగా గెలవడం కాదు. నిన్న ఓడినవాడికి రేపటి దారి మూసుకుపోకుండా ఉండడం. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని మన పెద్దలన్నారు. ఆ తలదన్నేవాడు పుట్టడానికి చోటు మిగల్చడమే నిర్వాహకుల పని. తాడిని తన్నినవాడి కాలు నరకడం కాదు.

2026 సీజనుకు ఇంజను నిబంధనలూ కారు నిబంధనలూ మళ్ళీ ఒక్కసారే మారాయి. ఆసక్తి ఉన్న విద్యార్థులు ఆ సీజను నుంచి మొదలుపెట్టి, ఏటేటా పైన చెప్పిన సూచిక లెక్క కట్టి చూడవచ్చు. అంకె ఎక్కడ మొదలైందన్నది అంత ముఖ్యం కాదు. అది ఎన్నేళ్ళలో దిగివస్తుందన్నదే చూడవలసింది.