స్టీరింగ్ వదులైందా? కంగారు వద్దు
సందేహాలు - సమాధానాలు

సందేహం: మా కారు కొని పదేళ్లయింది. స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రాలు వెంటనే కదలడం లేదు. పిల్లల్ని ఎక్కించుకోవాలంటే భయంగా ఉంది.
- ఓ పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: భయపడకండమ్మా, ఏ కారు స్టీరింగ్‌లోనైనా కొంత వదులు ఉంటుంది, మెకానిక్‌లు దాన్నే ‘ప్లే’ అంటారు. చక్రాలు తిన్నగా పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్టీరింగ్ అంచుకు చిన్న టేపు ముక్క అంటించండి. బయట ఒకరిని ముందు టైరు చూస్తూ ఉండమని, అది కదలబోయేదాకా స్టీరింగ్‌ను వేలితో మెల్లగా తిప్పండి. టేపు వేలెడు వెడల్పు జరిగితే మామూలే. 3 సెంటీమీటర్లు దాటితే మాత్రం మెకానిక్‌కు చూపించండి.

సందేహం: గతుకుల్లో ముందు వైపు టక్ టక్ మంటోంది, స్టీరింగ్ కూడా లూజుగా ఉంది. మెకానిక్ స్టీరింగ్ రాకే మార్చాలంటున్నాడు. అంత ఖర్చు తప్పదా?
- ఓ పాఠకుడు, ఏలూరు

సమాధానం: అప్పుడే అప్పు కోసం చూడకండి, చాలాసార్లు అరిగేది రాక్ కాదు, దాని చివరన ఉండే టై రాడ్ ఎండ్. ముందు చక్రాన్ని జాకీతో లేపించి, కింద స్టాండు పెట్టించి, టైరును రెండు పక్కలా పట్టుకుని కుదపమనండి. అలా ఆడితే అనుమానం టై రాడ్ మీదికి, పైనా కిందా పట్టుకుని కుదిపినప్పుడు ఆడితే బేరింగ్ లేదా బాల్ జాయింట్ మీదికి పోతుంది. టై రాడ్ ఎండ్ మార్పిస్తే వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి, లేదంటే కొత్త టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

సందేహం: మాది పాత జీపు. స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగిస్తే ప్లే పోతుందంటున్నారు. బిగించమంటారా?
- ఓ పాఠకుడు, ఆదిలాబాద్

సమాధానం: తొందరపడకండి, ముందు జాయింట్లన్నీ చూపించండి. బండి ఎక్కువగా తిన్నగానే పోతుంది కాబట్టి బాక్సులో మధ్యభాగమే ఎక్కువ అరుగుతుంది. ఆ వదులు పూర్తిగా పోయేదాకా బిగిస్తే మలుపులో స్టీరింగ్ పట్టేస్తుంది. 1989 మోటారు వాహనాల నిబంధనలు 30 డిగ్రీలకు మించి ప్లే ఉండకూడదంటాయి, కానీ అది మామూలు కారు స్టీరింగ్ అంచున దాదాపు 10 సెంటీమీటర్లు, అంతదాకా ఆగొద్దు. ప్లే ఉన్నట్టుండి పెరిగినా, స్టీరింగ్ పట్టేసినా బండిని అక్కడే ఆపి, మెకానిక్‌నే పిలిపించుకోండి.